పండుగకు కాలనీ రోడ్డు మూయాలంటే ముందు పటం గీయండి, తర్వాత దరఖాస్తు రాయండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాద్‌లో 400 ఇళ్ల కాలనీ. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం 4 గంటల నుంచి 9 దాకా కాలనీలోని 40 అడుగుల రోడ్డును ఈ కొస నుంచి ఆ కొస వరకు మూసి, అక్కడే ఆడి, తర్వాత ఊరేగింపుగా చెరువుకు వెళ్లాలని సంఘం అనుకుంటోంది. నిరుడు ఎవరినీ అడగకుండా రెండు వైపులా కర్రలు కట్టేస్తే వాహనదారులతో గొడవ జరిగింది, పోలీసులు వచ్చి ఏడింటికే ఆపించారు. ఈసారి అనుమతి తీసుకుని చేయాలనుకుంటున్నారు. ఎవరిని అడగాలి, ఎన్ని రోజుల ముందు అడగాలి, కాదంటే ఏం చేయాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను ట్రాఫిక్ విభాగంలో 28 ఏళ్లు పనిచేసి ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేశాను. ఇలాంటి దరఖాస్తులను బల్లకు అవతలి వైపు కూర్చుని చదివినవాణ్ణి. విచారణకు కాలనీలకు వెళ్లి, టేపు పట్టుకుని రోడ్లు కొలిచినవాణ్ణి కూడా. ఆ అనుభవంతో ఒక మాట ముందే చెబుతాను. పండుగ ఎంత గొప్పదో, మీ సంఘం ఎన్నేళ్లుగా చేస్తోందో రెండు పేజీలు రాసి తెస్తారు చాలామంది. అధికారి వెతికేది అది కాదు. ఆ సాయంత్రం ఆ రోడ్డు మీదుగా ఇంటికి చేరాల్సినవాళ్లు ఎటు నుంచి చేరతారు? ఈ ఒక్క ప్రశ్నకు మీ కాగితంలో జవాబు ఉంటే పని సగం అయినట్టే. లేకపోతే ఎవరి సిఫారసు ఉన్నా ఫైలు ముందుకు కదలదు.

మొదట ఎవరిని అడగాలో చూద్దాం. రోడ్డు కార్పొరేషన్‌ది (నగరపాలక సంస్థది), దాని మీద రాకపోకలు పోలీసులవి. ఈ తేడా తెలియక మీలాంటి సంఘాలు కార్పొరేషన్ సర్కిల్ కార్యాలయం నుంచి ఒక కాగితం తెచ్చుకుని, అంతా అయిపోయిందనుకుంటాయి. పందిరి వేయడం, వేదిక కట్టడం, చెత్త తీయించడం, వీధి దీపాలు సరిచేయించడం, ఇవన్నీ కార్పొరేషన్ పనులు. వాహనాలు ఆపడం, మళ్లించడం మాత్రం కార్పొరేషన్ కమిషనర్ చేతిలో కూడా లేదు. అది పోలీసు కమిషనర్ అధికారం. నగరంలో హైదరాబాద్ నగర పోలీసు చట్టం ఉంది, 1348 ఫస్లీ (నిజాం కాలపు సంవత్సర లెక్క) నాటిది. జిల్లాల్లో 1861 నాటి పోలీసు చట్టంలోని 30, 31 సెక్షన్లు. పత్రికల్లో తరచూ చూసే ‘30 యాక్ట్ అమలు’ అన్న వార్త ఆ సెక్షన్ గురించే. దాని ప్రకారం సభలు, ఊరేగింపులు ఏ దారిన, ఏ వేళ సాగాలో పోలీసు అధికారి నిర్దేశించవచ్చు.

పోలీసుల్లోనూ మళ్లీ ఇద్దరు ఉంటారు. శాంతిభద్రతల స్టేషన్ వేరు, ట్రాఫిక్ స్టేషన్ వేరు. వాటి సరిహద్దులు ఒకేలా ఉండవు. మీ కాలనీ ముందు సగం ఒక ట్రాఫిక్ స్టేషన్ కిందికి, వెనుక సగం ఇంకో దాని కిందికి వస్తే ఆశ్చర్యపోవద్దు. ఒకే దరఖాస్తు రెండు ప్రతులు చేసి, శాంతిభద్రతల విభాగంలో మీ ప్రాంత ఏసీపీకి (సహాయ పోలీసు కమిషనర్‌కు) ఒకటి, ట్రాఫిక్ ఏసీపీకి ఒకటి ఇవ్వండి. రెండింటిలోనూ రెండోవారికి ఇచ్చినట్టు రాయండి. కాగితాలు తీసుకునే ఇన్‌వార్డు విభాగంలో ముద్ర, తేదీ వేయించుకున్న నకలు మీ దగ్గర ఉండాలి. ఇన్‌స్పెక్టరు గారికి నోటితో చెప్పాం, సరేనన్నారు అనే మాటను నమ్ముకోవద్దు. పండుగ నాటికి ఆయన బదిలీ కావచ్చు, ఆ సాయంత్రం బందోబస్తుకు ఇంకోచోటికి వెళ్లవచ్చు. కాగితం ఉంటే కొత్తగా వచ్చినవారికి చూపించగలరు.

ఇక పటం సంగతి. నా మాటల్లో మిగతావన్నీ మరిచిపోయినా దీన్ని మాత్రం మరవకండి.

ఒక ఏడాది ఒక కాలనీ సంఘం వాళ్లు దరఖాస్తుతో పాటు డ్రాయింగ్ కాగితం ఒకటి తెచ్చారు. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి రంగు పెన్సిళ్లతో గీసింది. మూసే ముక్కకు ఎరుపు, వాహనాలు తిరిగి వెళ్లే గల్లీలకు ఆకుపచ్చ బాణాలు. అక్కడక్కడా కొన్ని ఇళ్ల మీద నీలం చుక్కలు పెట్టింది. ఇవేమిటమ్మా అని అడిగాను. ‘‘ఈ తాతయ్యకు వారానికి మూడుసార్లు డయాలసిస్ అండీ. ఈ అక్కకు నెలలు నిండాయి. ఇక్కడ మామ్మ మంచం మీదే ఉంటారు. వీళ్ల ఇళ్ల ముందు దారి తెరిచే ఉంచుతాం’’ అంది. అప్పటికి నా సర్వీసు ఇరవై ఏళ్లు దాటింది. అంత మంచి మళ్లింపు పటం మా సొంత కార్యాలయంలో కూడా చూడలేదు. విచారణ నివేదిక ఆ సాయంత్రమే రాసి పంపాను. ఆ తర్వాత వచ్చిన ప్రతి సంఘానికీ నీలం చుక్కలు పెట్టుకురండని చెబుతూ వచ్చాను.

మీరూ అలాగే గీయండి. ఇంజినీరు గీయనవసరం లేదు. మూసే భాగం, దానికి రెండు కొసల్లో ఉన్న మలుపులు, ప్రత్యామ్నాయ దారి, ఆ దారి వెడల్పు, ట్రాన్స్‌ఫార్మరు, మందుల దుకాణం, ఆసుపత్రి, బడి, ఫంక్షన్ హాలు ఉంటే అవి, ఆరోగ్యం బాగాలేనివాళ్ల ఇళ్లు గుర్తించండి. ప్రత్యామ్నాయ దారి అని రాసే ముందు సాయంత్రం ఆరింటికి మీరే కారులో ఒకసారి ఆ గల్లీలో వెళ్లి చూడండి. పగలు ఖాళీగా కనిపించే గల్లీలో సాయంత్రమైతే రెండు వైపులా కార్లు నిలిచి ఉంటాయి. కాగితం మీద 20 అడుగులున్నది నిజానికి 9 అడుగులే మిగులుతుంది. ఎదురెదురుగా రెండు కార్లు వస్తే అంతే సంగతులు. అలాంటి గల్లీని ఆ కొన్ని గంటలు ఒక వైపు ప్రయాణానికే ఉంచుతామని పటంలో చూపించండి.

ఇప్పుడు మీ కోరికలో నేను మార్చమనే విషయం ఒకటుంది. రోడ్డంతా మూయాలని అడగకండి. మీకు అంత అవసరం లేదు. లెక్క వేసి చూపిస్తాను.

40 అడుగుల రోడ్డులో ఒక అంచున 15 అడుగులు అంబులెన్సుకు, ఫైరింజనుకు వదిలేయాలని నేను పెట్టుకున్న నియమం. మిగిలింది 25 అడుగులు. 25 అడుగుల అడ్డుకొలత ఉన్న వలయం చుట్టుకొలత సుమారు 78 అడుగులు. వంగి, చప్పట్లు కొడుతూ అడుగు వేసే మనిషికి రెండున్నర అడుగులు కావాలి. అంటే ఆ వలయంలో 31 మంది ఆడవచ్చు. లోపల 15 అడుగుల అడ్డుకొలతతో ఇంకో వలయం వేస్తే మరో 18 మంది. మధ్యలో బతుకమ్మలు పెట్టుకోవడానికి చోటు మిగులుతుంది. ఒక్కో ఆటకు దాదాపు 50 మంది అన్నమాట. 250 మంది ఆడవాళ్లు వస్తారనుకుంటే ఇలాంటివి ఐదు. మధ్యలో ఖాళీలతో కలిపి ఒక్కోదానికి 40 అడుగుల పొడవు వేసుకున్నా 200 అడుగులు చాలు. మీ రోడ్డు పొడవు అర కిలోమీటరు ఉంటుందని రాశారు. అందులో 200 అడుగుల ముక్కకు, అదీ రెండు అడ్డగల్లీల మధ్య పడేట్టు చూసుకుంటే, మిగతా రోడ్డంతా మామూలుగా నడుస్తుంది. అర కిలోమీటరు మూయమంటే ఏసీపీ తల అడ్డంగా ఊపుతారు. 200 అడుగులు, పక్కన 15 అడుగుల అత్యవసర దారితో సహా అంటే కూర్చోమని కుర్చీ చూపిస్తారు.

40 అడుగుల రోడ్డు అని పత్రాల్లో ఉన్నదాన్ని మాత్రం నమ్మకండి. ఇళ్ల ముందు కట్టుకున్న ర్యాంపులు, మొక్కల కుండీలు, జనరేటర్లు పోను ఎంత మిగిలిందో టేపుతో కొలిచి, ఆ అంకె వేసి లెక్క మళ్లీ చేయండి. పండుగకు రెండు రోజుల ముందే ఆ ముక్కలోని కార్ల యజమానులకు ఇంటింటికీ వెళ్లి చెప్పండి. అత్యవసర దారి ఎక్కడిదాకా అన్నది అందరికీ కనపడేలా ముగ్గుపిండితో గీత గీయండి. మన ఆడపడుచులు గీసిన గీతను ఎవరూ తొక్కరు. ప్లాస్టిక్ తాడు కట్టడం కంటే అదే మేలు, కాళ్లకు తగిలి పడేవాళ్లుండరు.

సమయం విషయంలోనూ అలాగే. 4 నుంచి 9 అంటున్నారు. నాలుగింటికి బతుకమ్మలు ఇంకా పళ్లేల్లోనే ఉంటాయి, గునుగు, తంగేడు పేరుస్తూనే ఉంటారు. ఆట ఊపందుకునేది ఆరు తర్వాత. 5.30 నుంచి 8.30 వరకు అడగండి. తెరిచే సమయం రాస్తే ఆ సమయానికి తెరవాలి. పాటలు ఎనిమిదికే ఆపి, బతుకమ్మలు లేపి, కుర్చీలు మడిచి, పువ్వులు ఊడ్చాక ఎనిమిదిన్నరకు చక్రం తిరగాలి. ఒకసారి చెప్పిన వేళకు తెరిచిన సంఘానికి మరుసటి ఏడు అడిగినదానికంటే అరగంట ఎక్కువే దొరుకుతుంది. దీన్ని నేను చాలాసార్లు చూశాను.

ఎన్ని రోజుల ముందు? మొదటిసారి కాబట్టి నెల ముందు ఇవ్వండి. మూడు వారాలకు తగ్గకూడదు. మీ దరఖాస్తు ఏసీపీ దగ్గర నుంచి స్థానిక ఇన్‌స్పెక్టరుకు విచారణకు దిగాలి. ఆయన వచ్చి చూసి నివేదిక రాయాలి. అది మళ్లీ పైకి ఎక్కాలి. బస్సు మార్గం ఉంటే ఆర్టీసీ డిపో మేనేజరుకు సమాచారం పోవాలి. వాహనాల నియంత్రణకు మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కూడా ఒక ఆధారం. నెలకు మించని ఆంక్షలకు గెజిట్ ప్రకటన అక్కర్లేదని, కానీ స్థానికంగా వీలైనంత ప్రచారం చేయాలని అందులోనే ఉంది. ఈ ‘ప్రచారం’ అన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ, జనానికి తెలియజేయకుండా దారి మూసే అధికారం ఎవరికీ లేదని దాని అర్థం. పోలీసులు పత్రికా ప్రకటన ఇస్తారు, మీ గల్లీ సంగతి అందులో ఒక్క వరుస కూడా ఉండకపోవచ్చు. అందుకే వారం ముందు రెండు కొసల్లో తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో ఫ్లెక్సీ కట్టే బాధ్యత మీరే తీసుకుంటామని దరఖాస్తులో రాయండి. తేదీ, మొదలయ్యే వేళ, తెరిచే వేళ, ప్రత్యామ్నాయ దారి అందులో ఉండాలి. నాయకుల ఫొటోలు పెట్టి ఆ నాలుగు సంగతులను కింద చిన్న అక్షరాల్లోకి నెట్టకండి.

తేదీ అన్నాను కాబట్టి ఇంకొకటి. సద్దుల బతుకమ్మ ఏ రోజన్నదానిపై కొన్నేళ్లు పంచాంగకర్తల మధ్య భేదం వస్తుంటుంది. ఒక కాలనీ ఈ రోజు, పక్క కాలనీ మరునాడు ఆడటం మీరు చూసే ఉంటారు. సంఘం సమావేశంలో తేదీ తేల్చుకుని, తీర్మానం రాసుకుని, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టండి. మంజూరైన తేదీని చివరి వారంలో మార్చమని రావడం అధికారికి తలనొప్పి. పైగా బతుకమ్మ 2014 నుంచి రాష్ట్ర పండుగ. సద్దుల రోజు ట్యాంక్‌బండ్ దగ్గర పెద్ద ఎత్తున వేడుక జరిగితే ట్రాఫిక్ సిబ్బందిలో చాలామంది అటే వెళ్తారు. మీ కాలనీకి ఇద్దరు కానిస్టేబుళ్లు దొరికితే అదృష్టం. కాబట్టి పోలీసులను పంపమని అడగడం కంటే, మీ వైపు నుంచి ఎంతమంది కార్యకర్తలు ఎక్కడ ఏ వేళ నిలబడతారో పేర్లతో, ఫోను నంబర్లతో జాబితా ఇవ్వడం మంచిది. ఒక్కో కొసకు నలుగురు. ఇద్దరు నిలబడితే ఇద్దరు విశ్రాంతి. మెరిసే చొక్కా, ఈల, టార్చిలైటు. వాళ్లు ఆ మూడు గంటలూ ఆట చూడటానికి వెళ్లకూడదు.

ఎందుకు అంత గట్టిగా చెబుతున్నానంటే, నేను కొత్తగా ఎస్సైగా ఉన్నప్పటి రాత్రి ఒకటి ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఊరు, పేరు వద్దు. నవరాత్రి పందిరి కోసం గల్లీని రెండు వైపులా సరుగుడు కర్రలు అడ్డంగా పెట్టి కొబ్బరి తాళ్లతో బిగించి కట్టేశారు. రాత్రి తొమ్మిదింటికి నిండు చూలాలితో ఒక ఆటో వచ్చి ఆ కర్ర ముందు ఆగింది. కాపలా ఉండాల్సిన పిల్లలు భోజనాలకు వెళ్లారు. ఆటో డ్రైవరూ, ఆమె భర్తా ఆ ముడిని విప్పడానికి ప్రయత్నిస్తున్నారు. తడిసి బిగిసిన కొబ్బరి తాడు గోళ్లతో ఊడుతుందా? నేను చేరేసరికి ఆయన వేళ్ల నుంచి రక్తం కారుతోంది. నా దగ్గర లాఠీ ఉంది గానీ కత్తి లేదు. పక్కన బండి మీద పూలమ్ముకునే పెద్దావిడ పరుగున వచ్చి, దండలు కోసే కత్తితో ఆ తాళ్లు తెగ్గోసింది. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారని మర్నాడు తెలిసింది. కానీ ఆటో వెనుక సీట్లోంచి వినిపించిన మూలుగు ఇరవై నిమిషాలపాటు విన్నాను నేను.

అందుకని దారికి అడ్డంగా దేన్నీ కట్టవద్దు. చక్రాల బ్యారికేడ్లు స్టేషన్ నుంచి అడగండి, దొరక్కపోతే రెండు బల్లలు పెట్టండి. ఒక మనిషి ఒక్క చేత్తో పక్కకు జరపగలిగేదే అడ్డుగా ఉండాలి.

అదే కోవలో టెంట్‌హౌస్ వాళ్లతో ముందే మాట్లాడుకోవాల్సినది ఒకటుంది. వాళ్లు గుంజలు నిలబెట్టడానికి తారు రోడ్డులో ఇనుప మేకులు దిగగొడతారు, లేదా గడ్డపారతో గుంతలు తీస్తారు. పండుగ అయ్యాక ఆ గుంతలు అలాగే ఉంటాయి. వానకు నీరు నిండి, నెల తిరిగేసరికి అక్కడే స్కూటర్లు జారిపడతాయి. కార్పొరేషన్ ఇంజినీరు అభ్యంతరం పెట్టేది కూడా ముఖ్యంగా దీనికే. గుంజలను ఇసుక నింపిన డబ్బాల్లో నిలబెట్టమనండి, లేదా సొంతంగా నిలిచే ఇనుప చట్రం తెమ్మనండి. కొంచెం ఎక్కువ అడుగుతారు, ఇవ్వండి. నిజానికి బతుకమ్మకు ఆకాశమే పందిరి, పెద్దవాళ్లు కూర్చోవడానికి ఒక మూల చిన్న షామియానా వేస్తే సరిపోతుంది. మొదలయ్యే ముందు, అయిపోయాక రోడ్డు ఫొటోలు తీసి పెట్టుకోండి.

విద్యుత్తు విషయంలో నాది ప్రాధేయపడటమే అనుకోండి. 2025 ఆగస్టులో మన నగరంలోనే రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథం విద్యుత్ తీగకు తగిలి ఐదుగురు చనిపోయారు. లాగే వాహనం ఆగిపోతే రథాన్ని చేతులతో నెట్టుకుంటూ వెళ్తున్నప్పుడు జరిగింది. మీ పెద్ద బతుకమ్మను వాహనం మీద పెట్టి ఊరేగిస్తామని రాశారు. వాహనం, బతుకమ్మ కలిపి ఎంత ఎత్తో కొలవండి. చెరువుకు వెళ్లే దారిలో తీగలు, కేబుళ్లు ఎక్కడ ఎంత కిందికి వేలాడుతున్నాయో లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని పగటివేళ నడిచి చూడండి. దీపాలకు వీధి స్తంభం నుంచి కొక్కెం వేయవద్దు. విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు పెడితే తాత్కాలిక కనెక్షన్ ఇస్తారు. పైసలు కట్టిన రసీదు కూడా పోలీసు దరఖాస్తుకు జత చేయండి.

మైకు అనుమతి వేరే తీసుకోవాలి, రోడ్డు అనుమతిలో అది కలిసి రాదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు కూడదు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా పరిగణించవచ్చు. మీ కాలనీ నర్సింగ్‌హోం దానిలోకి వస్తుందేమో పటంలో చూసుకోండి. డీజే ఆలోచన ఉంటే వదిలేయండి. హైదరాబాద్ పోలీసు కమిషనర్ 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అయినా బతుకమ్మకు డీజే ఎందుకు? ఒకరు పాడితే పదిమంది అందుకునే పాట అది, చప్పట్లే దాని తాళం. రెండు చిన్న పెట్టెలు, పాడేవాళ్లకు ఒక మైకు చాలు. మనవరాళ్లకు నాయనమ్మ గొంతు వినపడాలి కదా.

చెరువుకు వెళ్లే ఊరేగింపును మాత్రం విడి దరఖాస్తుగా రాయండి. ఒకచోట నిలిచే వేడుకకూ, కదిలే ఊరేగింపుకూ పోలీసులు చూసే చూపు వేరు. బయలుదేరే వేళ, దారిలోని ప్రతి మలుపు పేరు, పెద్ద రోడ్డును దాటే చోటు, చేరే వేళ, తిరుగు దారి అన్నీ ఉండాలి. పెద్ద రోడ్డును దాటడానికి ఆరేడు నిమిషాలు ఆపమని అడగవచ్చు, ఆ రోడ్డు పొడవునా నడుస్తామంటే కష్టం. ఏటా వినాయక నిమజ్జనానికి బాలాపూర్ నుంచి హుస్సేన్‌సాగర్ దాకా అంత పొడవున దారి ఇస్తున్నారు కదా అని మీ సభ్యులెవరో అన్నారని రాశారు. ఇస్తున్నారు. దాని వెనుక వారాల తరబడి సమావేశాలు, వేలమంది సిబ్బంది, ప్రతి కూడలికీ ఒక మళ్లింపు ప్రణాళిక ఉంటాయి. దాన్ని చూపించి పోల్చుకుంటే వాదన మీకే ఎదురు తిరుగుతుంది.

అలాంటి ముందస్తు సన్నాహానికి వ్యవధి ఇవ్వకపోతే ఏమవుతుందో ఈ మధ్య కాలంలో చూశాం. 2025 జూన్ 4న బెంగళూరులో క్రికెట్ విజయోత్సవానికి అప్పటికప్పుడు జనం ముంచెత్తితే స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది ప్రాణాలు పోయాయి. మన దగ్గర 2022 డిసెంబరు 28న ఆంధ్రప్రదేశ్‌లోని కందుకూరులో ఇరుకు దారిలో జరిగిన రోడ్డు సభలో 8 మంది చనిపోయారు. ఆ వెంటనే 2023 జనవరి 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ జీవో 1 తెచ్చింది. అదే ఏడాది మే 12న ఆ రాష్ట్ర హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఈ రెండు వైపులూ గుర్తుంచుకోండి. ఇరుకు దారిలో జనం ఎక్కువైతే ప్రాణాలు పోతాయన్నది ఎంత నిజమో, ఆ కారణం చూపించి ఎవరికీ ఎక్కడా వద్దని గంపగుత్తగా అనడం చెల్లదన్నదీ అంతే నిజం. 

కాదంటే ఏం చేయాలన్న మీ ప్రశ్నకు జవాబు ఇక్కడి నుంచే వస్తుంది. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇమ్మని మర్యాదగా అడగండి. బహిరంగ వీధుల్లో సభలను నియంత్రించవచ్చు గానీ మార్గదర్శకాలేవీ లేకుండా ఇష్టానుసారం నిరాకరించే అధికారం కూడదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1972లోనే హిమ్మత్‌లాల్ షా కేసులో చెప్పింది. బహిరంగ దారులను నిరవధికంగా ఆక్రమించడం కుదరదని 2020లో ఢిల్లీ షాహీన్‌బాగ్ నిరసన కేసులో అదే కోర్టు చెప్పింది. మీరు అడుగుతున్నది మూడు గంటలు, 200 అడుగులు. ఈ రెండు తీర్పుల మధ్య మీకు చోటు ఉంది. అయితే ఇవి ఏసీపీ గదిలో బల్ల గుద్ది వినిపించడానికి కాదు. కారణం తెలిశాక దానికి సరిపడే మార్పు మీరే ప్రతిపాదించండి. రద్దీ అంటే ముక్కను ఇంకాస్త లోపలికి జరపండి. సిబ్బంది లేరంటే కార్యకర్తల జాబితా పెంచండి. ఆ రోజు అదే దారిలో ఇంకో ఊరేగింపు ఉందంటే వేళ మార్చండి. అయినా కుదరకపోతే ఏసీపీకి పై అధికారి అయిన డీసీపీని కలవండి. హైకోర్టుకు వెళ్లే హక్కు ఉంది, కానీ కాలనీ బతుకమ్మకు అంత దూరం వెళ్లాల్సిన అవసరం నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. అనుమతి లేకుండా మళ్లీ కర్రలు కట్టడం మాత్రం వద్దు. భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద దారికి అడ్డంకి కల్పిస్తే 5 వేల రూపాయల దాకా జరిమానా ఉంది. ఆ కేసులో పేరు పడేది సంఘం కార్యదర్శిగా సంతకం పెట్టే మీది.

సంతకాలంటే గుర్తొచ్చింది. ఆ 200 అడుగుల్లో ఉన్న ప్రతి ఇంటి నుంచి, ప్రతి దుకాణం నుంచి అభ్యంతరం లేదన్న సంతకం తీసుకుని జత చేయండి. పండుగ జరుపుకోనివాళ్ల ఇళ్లకు ముందుగా వెళ్లండి. నిరుడు గొడవపడ్డ వాహనదారుల్లో ఒక ఆటో యజమాని మీ కాలనీ వాడేనని రాశారు. ఆయన ఇంటికి అందరికంటే ముందు వెళ్లండి, మీ పటం ఆయనకు చూపించి ఏ గల్లీ నుంచి తిప్పితే బాగుంటుందో అడగండి. రోజూ ఆ సందుల్లో తిరిగే మనిషికి తెలిసినంత మనకెవరికీ తెలియదు. కార్పొరేటర్ ఉత్తరం ఇస్తానంటే తీసుకోండి, కాకపోతే నా బల్ల మీద అలాంటి ఉత్తరం కంటే కిరాణా కొట్టు యజమాని సంతకానికే విలువ ఎక్కువ ఉండేది. ఆ సాయంత్రపు బేరం పోగొట్టుకునేది ఆయనే కాబట్టి.

పటం గీశాక ఇళ్ల నంబర్లు, పేర్లు తీసేసి ఒక ఫొటో ఇక్కడ పెట్టండి. వెడల్పులు అడుగుల్లో వేయండి, ఏ గల్లీ ఎటు తెరుచుకుంటుందో బాణం గీయండి. ఎక్కడైనా సరిచేయాల్సింది ఉంటే దరఖాస్తు ఇచ్చేలోపే చెబుతాను.